రైలు కట్ట వైపు నిలబడ్డ మా అన్న

మా అన్న విల్ఫ్ సగ్డెన్ ఒకచోట కుదురుగా కూర్చోవడం నేనెరగను. టీ కప్పు చేత్తో పట్టుకుని వంటింట్లోంచి వీధి గుమ్మం దాకా, మళ్ళీ వంటింట్లోకీ తిరుగుతూనే తాగేవాడు. "కాసేపు కూలబడవయ్యా, చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అని మా వదిన ఐరిస్ కసిరితే, ఒక్క నిమిషం కుర్చీ అంచున ఆని మళ్ళీ లేచేవాడు.

పదిహేనో ఏట బొగ్గు గనిలోకి దిగాడు. శనివారం పొద్దున గనిలో, మధ్యాహ్నం రగ్బీ మైదానంలో. మా ఓగ్‌థార్ప్ జట్టుకు ముందు వరసలో నిలబడి ఆడేవాడు. ముక్కు ఎన్నిసార్లు విరిగిందో ఆయనకే గుర్తులేదు. గని మూతపడ్డాక క్లబ్బువాళ్ళు మైదానం చూసుకోమన్నారు. అది ఆయన ఒంటికి సరిపోయిన పని, ఎంత తిరిగినా అడిగేవాడు లేడు.

మా ఆట చలికాలపు ఆట. నేల గడ్డకడితే ఆట రద్దు. అందుకని ముందురోజు సాయంత్రం మైదానమంతా ఎండుగడ్డి పరిపించి, ఆటరోజు పొద్దున్నే మళ్ళీ ఎత్తించాలి. దానికి ఊళ్ళో సగంమంది పారలు పట్టుకుని వచ్చేవాళ్ళు. మా అన్న వాళ్ళకంటే ముందే వెళ్ళి, జ్వరమొచ్చిన పిల్లవాడి నుదురు చూసినట్టు నేల మీద అరచెయ్యి ఆనించి చూసేవాడు. నేను గేటు దగ్గర టీ, మాంసం కూరిన పైలు అమ్మేదాన్ని కాబట్టి ఇవన్నీ నా కళ్ళ ముందు జరిగినవే.

ఇక డెన్లీ సంగతి చెప్పాలి. కొండవాలు దిగితే డెన్లీ. ఆ ఊరి జట్టు మా మైదానానికి వస్తే వాళ్ళ జనం రైలు కట్ట వైపు గోలుపోస్టుల వెనక నిలబడతారు, మేం ఎదురుగా రేకుల షెడ్డు వైపు. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ మావాడెవడూ రైలు కట్ట వైపు కాలుపెట్టలేదు. మైదానం చూసుకునే మా అన్న కూడా అటువైపు మెట్లు విరిగితే బాగుచేసేవాడు కాదు. "డెన్లీవాళ్ళ కాళ్ళేగా విరిగేవి" అనేవాడు. అలాంటి మనిషి డెన్లీ పిల్లనే చేసుకున్నాడు! మా వదిన పెళ్ళయ్యాక ఒక్కనాడూ ఈ రెండూళ్ళ ఆట చూడ్డానికి రాలేదు. "ఏ వైపు నిలబడ్డా నాకు తిట్లే, ఇంట్లో ఉంటే టీ అన్నా ప్రశాంతంగా తాగుతాను" అనేది.

తొంభై అయిదు ఏప్రిల్లో ఆ వార్త వచ్చింది. టెలివిజన్ వాళ్ళు డబ్బు కుమ్మరిస్తున్నారట. సూపర్ లీగ్ అని పెద్ద పోటీ పెడతారట. ఆట ఇకమీదట వేసవిలోనట. ఆటగాళ్ళకు నెల జీతాలు, వేరే పని చేసుకోనక్కర్లేదు. అయితే అందులో చోటు దొరకాలంటే చిన్న ఊళ్ళ క్లబ్బులు పక్క ఊరితో కలిసి ఒక్క క్లబ్బు కావాలి. మాకు కుదిర్చిన సంబంధం ఎవరితో? డెన్లీతో! కలవాలో వద్దో క్లబ్బు సభ్యులే ఓటేసి తేల్చాలి.

ఆ రోజునుంచి మా అన్న కాలుగాలిన పిల్లి అయ్యాడు. దుప్పట్ల మీద ఎర్ర రంగుతో 'మా ఊరు మాదే' అని రాసి రెయిలింగులకు కట్టాడు. మా వదిన మంచి దుప్పటి కూడా అందులో పోయింది. మాంసం కొట్టు క్లిఫర్డ్ దగ్గరనుంచి చర్చి తోటమాలి దాకా ఎవరు కనిపించినా ఆపి, చొక్కా గుండీ పట్టుకుని, "నువ్వు కాదనే అంటావుగా?" అని అడిగేవాడు. ఔననిపించుకోకుండా గుండీ వదిలేవాడు కాదు.

అడగనిది ఒక్క కొడుకునే. గ్లెన్ అప్పటికి మా జట్టులో ఆడుతున్నాడు. పగలు గోడలకు ప్లాస్టరింగు, సాయంత్రం సాధన, ఆదివారం ఆట. ఒకరోజు వంటింట్లో వాడే మాట ఎత్తాడు. నేను అక్కడే బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను.

"నాన్నా, నేను ఔననే అంటాను."

మా అన్న నడక ఆగిపోయింది. "ఏమన్నావురా?"

"పొద్దంతా గోడలు పూసి పూసి నా నడుం ముసలాడి నడుమైంది. ఆటే పనిగా బతకొచ్చంటున్నారు. నాకు ఇంతకంటే ఏం కావాలి చెప్పు?"

"డబ్బు చూపిస్తే ఊరి పేరు అమ్మేస్తావా? సిగ్గులేదట్రా?"

"ఈ ఆట ఎందుకు పుట్టిందో చిన్నప్పుడు నువ్వే చెప్పావు. మర్చిపోయావా?"

మర్చిపోవడమా! వాడు పాలు మానకముందునుంచీ మా అన్న చెప్పిన కథ అదే. వందేళ్ళ కిందట హడర్స్‌ఫీల్డులో ఒక హోటల్లో ఇంగ్లండులో మా ఉత్తరాది క్లబ్బులవాళ్ళు కూర్చున్నారు. ఆటకోసం శనివారం గని మానితే కూలి పోతుంది, ఆ కూలి క్లబ్బు ఇవ్వాలి అన్నారు. ఆట మీద పెత్తనం చేసే దొరలు ససేమిరా వీల్లేదన్నారు. కూలి కావాలనుకునేవాడు మర్యాదస్థుడే కాదన్నారు. సరే మీ మర్యాద మీ దగ్గరే ఉంచుకోండి అని మావాళ్ళు వేరుపడ్డారు. తర్వాత జట్టుకు పదిహేనుమందిని పదమూడు చేసి, ఆటనే మార్చేసి, సొంత లీగు నడుపుకున్నారు.

"తాతలు కూలికోసమే కదా వేరుపడ్డది?" అన్నాడు గ్లెన్. "మరి నేనడిగితే అమ్ముడుపోయినట్టా?"

మా అన్న తలుపు గట్టిగా వేసి వెళ్ళబోయాడు.

"ఇంకొకటి కూడా విని వెళ్ళు," అన్నాడు గ్లెన్. "మనం కాదంటే డెన్లీవాళ్ళు వేరే ఊరితో కలుస్తారు. అలా జరిగితే నన్ను రమ్మన్నారు. నేను వెళతాను. ఓగ్‌థార్ప్ చొక్కాతోనే ఆడాలనుంది నాకు, కానీ గోడలు పూస్తూ ఆడలేను."

అప్పుడు తలుపు చప్పుడు కాకుండానే మూసుకుంది. మా అన్న ఎంతసేపు తిరిగాడో, ఎటు తిరిగాడో తెలియదు. నాకు మాత్రం ఇద్దరి మీదా కోపం వచ్చింది, ఇద్దరి మీదా జాలి కూడా వేసింది. ఏం చేస్తాను, దుంపలు సన్నగా తరిగేశాను.

మా క్లబ్బులో ఓటంటే కాగితాలు కాదు, నడక. గని కార్మిక సంఘంనుంచి వచ్చిన అలవాటు అది. సభ్యులంతా మైదానం మధ్య చేరతారు, అధ్యక్షుడు ఔనుకొక వైపు, కాదుకొక వైపు చెబితే అటో ఇటో నడిచి నిలబడతారు. అందరి ముందూ నిలబడే ధైర్యం లేనివాడికి ఓటెందుకని మావాళ్ళ లెక్క. ఓటు పెట్టిన ఆదివారం నేనూ వెళ్ళాను. పైలు అమ్మడానికి కాదు, నేనూ సభ్యురాలినే. కాదనేదే నా ఓటు.

మా అధ్యక్షుడు పికర్స్‌గిల్‌కు ఫర్నిచర్ దుకాణాలున్నాయి. కలవడం ఆయనకు చాలా ఇష్టం. ఎప్పుడూ మెత్తటి సీట్లలో కూర్చుని ఆట చూసిన మనిషి, ఎవరు ఏ వైపు నిలబడతారో ఏం తెలుసు. మైకు పట్టుకుని ఏమన్నాడో చూడండి:

"కలవడానికి ఒప్పుకునేవాళ్ళు రైలు కట్ట వైపు వెళ్ళండి. ఒప్పుకోనివాళ్ళు షెడ్డు వైపు."

ఓరి నీ దుంపతెగ, అదేం పని! ఓగ్‌థార్ప్ వాణ్ణి డెన్లీవాళ్ళ చోట నిలబడమంటావా? పీక మీద కత్తి పెట్టినా నిలబడతాడా? పొద్దున్నే నా చెవిలో "హిల్డా, నిజం చెబుతున్నా, నేను ఔననే అంటాను, నీ అన్నకు చెప్పకు" అన్న క్లిఫర్డ్ అటు రెండడుగులు వేసి, రైలు కట్ట చూసి, తల గోక్కుని షెడ్డు వైపు తిరిగాడు. వాడొక్కడే కాదు. వెళదామని బయల్దేరినవాళ్ళంతా మధ్యగీత దగ్గర జావగారిపోయారు. పికర్స్‌గిల్ మైకులో "అటు, అటు" అని అరుస్తూనే ఉన్నాడు, ఆయనకు ఇంకా అర్థం కాలేదు.

చివరికి రైలు కట్ట వైపు నడిచింది గ్లెన్ ఒక్కడే. పోస్టుల వెనక్కి వెళ్ళి మా వైపు తిరిగి నిలబడ్డాడు.

ముందు ఎవరో నవ్వారు. తర్వాత షెడ్డు వైపునుంచి ఊళ మొదలైంది. డెన్లీ జట్టు మైదానంలోకి వచ్చినప్పుడు మేం వేసే ఊళే. "అమ్మ ఊరికి పోరా!" అని ఒకడు. "జీతగాడా!" అని ఇంకొకడు. పోయిన నెలలో వాణ్ణి భుజాల మీద ఎత్తుకున్నవాళ్ళే! నాకు ఒళ్ళు మండిపోయింది. "నోళ్ళు పడిపోనూ, మన పిల్లాడ్రా వాడు!" అని గొంతు చించుకున్నాను. ఎవరు వింటారు?

మా అన్న షెడ్డు కింద, తను రాసిన దుప్పటి పక్కనే నిలబడి ఉన్నాడు. రెయిలింగు పట్టుకున్నాడు, వదిలాడు, మళ్ళీ పట్టుకున్నాడు. ఊళ ఇంకా పెరిగింది. ఉన్నట్టుండి రెయిలింగు కిందనుంచి దూరి మైదానంలోకి దిగాడు. కొడుకును చెవి పట్టుకుని ఈడ్చుకొస్తాడని జనం చప్పట్లు కొట్టారు. నేనూ అలాగే అనుకుని వెనకాలే పరుగెత్తాను.

మా అన్న వెళ్ళి గ్లెన్ పక్కన నిలబడ్డాడు. మా వైపు తిరిగి, చేతులు కట్టుకుని. చప్పట్లు ఆగిపోయాయి.

పికర్స్‌గిల్ రొప్పుతూ వచ్చాడు. "విల్ఫ్, నువ్వు కాదనేవాడివి కదయ్యా? ఇక్కడ నిలబడితే ఔనని రాసుకోవాలి మరి."

"రాసుకో."

"అంటే నువ్వు ఒప్పుకున్నట్టా?"

"చచ్చినా ఒప్పుకోను. మావాడి మీద అంతమంది అరుస్తుంటే అక్కడ నిలబడలేను. అంతే. పో, రాసుకో!"

ఓటులో కాదన్నవాళ్ళే గెలిచారు. గెలవడమంటే మామూలుగానా, మైదానం నిండా. రైలు కట్ట వైపు ఇద్దరు. నేను పోస్టుల దాకా వెళ్ళినా గీత దాటలేదు, నన్ను షెడ్డు వైపే రాశారు. షెడ్డు కింద పాట అందుకున్నారు. మా అన్న రాత్రింబవళ్ళు తిరిగి సాధించిన గెలుపు అది. ఆయన్ని మాత్రం ఎవరూ పిలవలేదు. జనం పలచబడ్డా తండ్రీ కొడుకులు అక్కడే ఉన్నారు.

"రేపు డెన్లీలో సంతకం పెడుతున్నాను నాన్నా," అన్నాడు గ్లెన్.

"తెలుసు." మా అన్న కదలకుండా నిలబడ్డాడు, అది చూసే నాకు భయమేసింది. "వినరా. డెన్లీ మైదానంలో వాగు వైపు మూల ఉంది చూశావూ, అక్కడ నీళ్ళు దిగవు. పైకి పచ్చగానే ఉంటుంది, అడుగున ఎప్పుడూ బురదే. బంతి పట్టుకుని అక్కడ ఒక్కసారిగా తిరిగావో, మోకాలు పోతుంది. నా మోకాలు అక్కడే పోయింది. ఈ సంగతి మనవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పలేదు నేను. నీకు చెబుతున్నాను."

గ్లెన్ తలవంచుకున్నాడు. అనాలా వద్దా అని తటపటాయించి, చివరికి మెల్లగా అన్నాడు.

"ఇక ఆట ఎండాకాలంలో కదా నాన్నా. అక్కడ బురద ఉండదు."

"అవున్లే," అన్నాడు మా అన్న. "ఎండాకాలం కదా."

కొడుక్కి ఇవ్వడానికి ఆయన దాచుకున్నది ఆ ఒక్క సంగతే.