బ్యాటరీకి కుట్టిన బొచ్చుతిత్తి

రావ్నాకి చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. ఏది చూసినా ఎందుకని అడగాలి. అడిగి ఊరుకుంటే బాగానే ఉండును, విప్పి చూడాలి. పలక పట్టే వయసులోనే తండ్రి రేడియోని బల్ల మీద ముక్కలుగా పరిచి, లోపల పాటలు పాడేవాళ్ళు ఎవరూ లేరని ఊరంతా తిరిగి చెప్పొచ్చింది. పెళ్ళయ్యాక ఆ బాధ మొగుడు ఇస్సాత్ నెత్తిన పడింది. “నీ ఎందుకులతో నా ప్రాణం తియ్యకే” అనే మాట ఆ ఇంట్లో కాఫీతో పాటే మొదలయ్యేది. ఇప్పుడామెకి అరవై దాటాయి. జబ్బు మాత్రం అట్లాగే ఉంది.

ఉత్తర ధ్రువానికి దగ్గర్లోని ఆ మంచుసీమలో ఏప్రిల్ వచ్చినా చలి వదల్లేదు. మొగుడూ పెళ్ళాం రెయిన్‌డీర్ జింకల మందతో కొండ మీద గుడిసెలో ఉన్నారు. ఇంకొన్నాళ్ళకి మందని సముద్రం వైపు తోలుకుపోవాలి. జింకలు ఈనేది అక్కడే. అప్పటిదాకా ఒక్కటే పని. గట్టుకి అవతలి లోయలో మేస్తున్న క్లెమెత్ మందతో తమ మంద కలవకుండా చూసుకోవాలి. కలిసిందా, ఎవరివెవరివో చెవులకి గుర్తుగా కోసిన గాట్లు చూసి విడదియ్యాలి. విడదియ్యాలంటే దొడ్లోకి తోలాలి. చూలు జింకల్ని దొడ్లో పరుగులు పెట్టిస్తే ఏమవుతుందో పోయిన వసంతంలో కళ్ళారా చూశారు. నెలలు నిండకుండానే మంచు మీద పడిపోయిన పిల్లల్ని కాకులు పీక్కుతిన్నాయి.

ఆ రోజే ఇస్సాత్ అన్నాడు, “ఇంకోసారి ఇట్లా అయితే మంద మేనల్లుడికి ఇచ్చేసి ఊళ్ళో కూర్చుందాం. నా మోకాలికి చేతకాదు, నా మనసుకీ చేతకాదు.” ఊళ్ళో కిటికీ దగ్గర కూర్చుని పొద్దున్నించి సాయంత్రం దాకా ఏం చెయ్యాలో రావ్నా ఊహకి కూడా అందలేదు. ఆ మాటకి ఏడాదంతా లోలోపల భయపడుతూనే ఉంది.

ఇక బ్యాటరీ సంగతి. మందని తోలడానికి వాడే మంచు స్కూటర్లలో పాతవాటికి, స్టార్ట్ చెయ్యడానికి లాగే తాడుండేది. కొత్తవాటికి సెల్ఫ్ తప్ప గతి లేదు. చలికి బ్యాటరీ నీరసిస్తుందని రాత్రి విప్పి గుడిసెలోకి తెచ్చుకోవడం అక్కడ అందరూ చేసేదే. అందరూ చేసేది చేస్తే ఆమె రావ్నా ఎందుకవుతుంది? తెల్లారుజామున పొయ్యి ఆరితే దాని గతేమిటని ఆలోచించి, జింకతోలుతో ఒక తిత్తి కుట్టింది. బొచ్చు లోపలికి, తోలు బయటికి, మూతికి ఎర్ర నాడా. తుప్పు పట్టకుండా వైర్లు బిగించే టెర్మినళ్ళకి ఇంత జింక కొవ్వు కూడా పూసింది.

ఇస్సాత్ పినతండ్రి కొడుకు ఈ క్లెమెత్. ఓ రోజు కాఫీకి వచ్చి తిత్తిని చూసి పగలబడి నవ్వాడు. “ఏం వదినా, దీనికి బాప్తిస్మం ఎప్పుడిప్పిస్తావు?” అన్నాడు. అంత నవ్వినవాడూ నెల తిరక్కుండా ఒక తోలు చంకన పెట్టుకుని వచ్చాడు. “నాకూ ఒకటి కుట్టిపెట్టు. మీ ఆయనకి చెప్పకు.” రావ్నా కుట్టిచ్చింది. కొవ్వు ఎట్లా పుయ్యాలో కూడా దగ్గరుండి చూపించింది.

ఆ పొద్దున గాలి తిరిగింది. ఈ జింకలతో వచ్చిన తంటా ఏమిటంటే గాలి ఎటు నుంచి వీస్తే అటే ముక్కు పెట్టుకుని నడుస్తాయి. రావ్నా దుర్భిణి పెట్టి చూసేసరికి మంద వరస కట్టి క్లెమెత్ లోయ వైపు పోతోంది. గబగబా తిత్తిలోంచి బ్యాటరీ తీసి, కొంకర్లు పోతున్న వేళ్ళతో బిగించి, సెల్ఫ్ కొట్టింది. టక్. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే టక్.

ఇస్సాత్ కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. “చచ్చింది. కొత్తది కొనమని మొత్తుకున్నాను, విన్నావా?”

“చచ్చినదానికి దీపం ఇంత బాగా ఎట్లా వెలుగుతోంది?”

“మొదలెట్టావా.”

“చెప్పు మరి. నువ్వే చూడు, ఎంత తెల్లగా వెలుగుతోందో.”

“అక్కడ మంద పోతుంటే దీపం అందం చూడమంటావేమే. ఉండు, క్లెమెత్‌కి ఫోన్ చేస్తా. వాడి మందనన్నా అటు తోలుకుంటాడు.” చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఇస్సాత్ మొహంలో రంగు పోయింది. మంచులో పడున్న ఆ పిల్లలే అతని కళ్ళ ముందున్నాయని రావ్నాకి తెలిసింది.

స్కీలు కట్టుకుని వెళ్ళినా మందని అందుకోవడం జరగని పని. సెల్ఫ్ ఇంకోసారి నొక్కి, ఈసారి దీపాన్నే చూసింది. నొక్కగానే ఆరిపోయింది, వదలగానే వెలిగింది. అంటే బ్యాటరీలో తిండి ఉంది, నోటిదాకా రావడం లేదు. ఎక్కడ ఆగుతోంది? చేతి తొడుగు తీసేసి వైరు పొడుగునా తడిమింది. ఒక టెర్మినల్ మంచుగడ్డలా కొరికింది. రెండోది వెచ్చగా ఉంది.

అంత చలిలో ఆ ఒక్క చోట వెచ్చదనమేమిటి? నిజం చెప్పాలంటే ఆ కాసేపూ మందా గుర్తు లేదు, మొగుడూ గుర్తు లేడు. క్లిప్పు విప్పి వేలు పెట్టి గీకితే బూడిద రంగు పొర ఊడొచ్చింది. కొవ్వూ బొచ్చూ కలిసి నలిగి చాపలా అల్లుకుపోయాయి. తిత్తిలోని బొచ్చు. చలిని ఆపడానికి పెట్టిన వెంట్రుకలు కరెంటుకి అడ్డం పడి అక్కడ వేడి పుట్టించాయి. దీపానికి గుక్కెడు చాలు కనక సందులోంచి అందింది. ఇంజనుకి కుండెడు కావాలి.

“దొరికావు” అంది రావ్నా, వెంట్రుకలతోనే. నడుముకున్న కత్తి తీసి టెర్మినల్ మెరిసేదాకా గీకి, బిగించి కొట్టింది. బండి దగ్గి, ఊగి, అందుకుంది. కుక్క ముస్తె ఎగిరి వెనక కూర్చుంది.

గట్టు కిందకి చేరేసరికి ముందు నడిచే జింక అప్పుడే పైకి ఎక్కుతోంది. చుట్టు తిరిగి అడ్డం పోయి, ముస్తెని వదిలి, మందని వెనక్కి మళ్ళించింది. హమ్మయ్య అనుకుని అటు చూస్తే ప్రాణం ఉసూరుమంది. గట్టు అవతల గాలి సుడి తిరిగిందేమో, క్లెమెత్ మంద తనంతట తాను ఇటే వస్తోంది. దాని వెనక మనిషి లేడు. మందకంటే వెనక లేచే మనిషి కాదు క్లెమెత్. మరి ఎందుకు రాలేదు?

అడిగిన మరుక్షణమే జవాబు తట్టింది. తను కుట్టిచ్చిన తిత్తి. తను నేర్పిన కొవ్వు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ముస్తెని గట్టు మీద కాపలా పెట్టి లోయలోకి బండి దూకించింది.

క్లెమెత్ బండి ముందు మోకాళ్ళ మీద కూర్చుని దుకాణంవాడి ఏడు తరాలనీ తిడుతున్నాడు. “చూడు వదినా, చచ్చిన బ్యాటరీ అంటగట్టాడు.”

“దీపం వెలుగుతోందా?”

“వెలుగుతోంది.”

“సెల్ఫ్ కొడితే టక్‌మని ఊరుకుంటోందా?”

“నీకెట్లా తెలుసు?”

“పక్కకి జరుగు.” విప్పి, గీకి, వెంట్రుకలు అతని అరచేతిలో పెట్టింది. “నా తిత్తి చేసిన పని ఇది. ఎంత తిట్టుకుంటావో తిట్టుకో.”

క్లెమెత్ వాటిని చూశాడు, ఆమెని చూశాడు. “తోలు నేనేగా తెచ్చింది. తిట్లు తర్వాత పంచుకుందాం, పద.”

రావ్నా గట్టెక్కి తన మందని ఇటూ, అతను తన మందని అటూ తోలారు. రెండు మందలూ ఒకదాని గిట్టల చప్పుడు ఇంకోటి వినేంత దగ్గరికొచ్చి, బిర్చి చెట్ల తుప్పల దగ్గర విడిపోయాయి. ఒక్క జింక కూడా హద్దు దాటలేదు.

రావ్నా తిరిగొచ్చేసరికి ఇస్సాత్ గుడిసె బయట పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. దుర్భిణి ఒళ్ళోనే ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గాలి వల్లనని చెప్పాడు. కాఫీ పోసి, అక్కడి అలవాటు ప్రకారం అందులో నానేసుకునే జున్నుముక్కలు కూడా తనే వేసిచ్చాడు. ఆమె జరిగిందంతా చెప్పింది, తిత్తి సంగతి దాచకుండా. చెప్పాక, ఏడాదిగా లోపలే పెట్టుకున్న మాట బయటపెట్టింది.

“ఇవాళ కూడా కలిసిపోబోయాయి. నా వల్లే. మేనల్లుడికి కబురు చేస్తావా?”

“ఎందుకు?” అన్నాడు ఇస్సాత్, అచ్చం ఆమెలాగే.

కాఫీ చల్లారిపోతున్నా రావ్నా గిన్నె పక్కన పెట్టి, తిత్తిని ఒళ్ళోకి తీసుకుని బొచ్చు బయటికి వచ్చేట్టు తిరగేసింది.