అత్త అడిగితే జవాబిచ్చాను

వనపర్తిలో నేను పాఠాలు చెప్పే కాలేజీలో పిల్లలు నాకు పెట్టిన పేరు ‘ఎందుకు మేడమ్’. నా ముందు అనరు. ఒకసారి పొరపాటున క్లాసు గ్రూపులో పెట్టి వెంటనే తీసేశారు. అప్పటికే చూసేశాను, ఫోన్ చేతిలో లేని నిమిషం ఉండదు కదా. కోపం వచ్చింది కానీ, ఆ పేరు తప్పని మాత్రం అనలేను. హైదరాబాద్‌లో తత్వశాస్త్రం ఎమ్మే చదివిన రెండేళ్లలో పట్టుకున్న అలవాటు ఇది. ఎవరేమన్నా ‘అంటే ఏమిటి, ఎందుకు’ అని తవ్వుతాను. స్టాఫ్‌రూమ్‌లో పక్క సీటు మేడమ్ రోజూ “అంతా మంచిదేనా?” అంటుంది. నేను నిజంగానే ఆలోచించి నోరు తెరిచేసరికి ఆవిడ క్లాసుకు వెళ్లిపోయి ఉంటుంది.

ఇవి నవ్వుకునే సంగతులు. మామ చనిపోయిన మూడో రోజున నేను చేసింది నవ్వుకునేది కాదు.

మామ అంటే మా మేనత్త భర్త. వాళ్లది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. పొద్దున్నే బోరు మోటరు వేయడానికి పొలానికి పోయి, ఛాతీలో నొప్పంటూ తిరిగొచ్చాడు. గ్యాస్ అనుకుని అత్త సోడా తెప్పించి తాగించింది. గంట చూసి ఆటో ఎక్కించారు. దారిలోనే ప్రాణం పోయింది. అంత్యక్రియలకు అమ్మానాన్న హైదరాబాద్ నుంచి వచ్చి వెళ్లారు. నాకు పరీక్షల డ్యూటీ పడి మూడో రోజుకు గానీ వెళ్లడం కుదరలేదు.

నేను వెళ్లేసరికి గది నిండా ఆడవాళ్లు. ఎవరు కొత్తగా లోపలికి వచ్చినా అత్త మోటరు దగ్గర మొదలుపెట్టి మొత్తం మళ్లీ చెబుతోంది. ప్రతిసారీ చివర్లో అదే మాట. “ముందుగాల్నే పట్కపోతే బతుకుతుండెనా?” పక్కింటి అవ్వ ప్రతిసారీ ఒకటే జవాబు చెబుతోంది. “నీ చేతుల ఏమున్నది బిడ్డా.”

మూడోసారి విన్నాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. ఆమె అడుగుతోంది, ఎవరూ జవాబు చెప్పడం లేదు, చిన్నపిల్లను సముదాయించినట్టు సముదాయిస్తున్నారు అనిపించింది. ఊరడించడానికి అబద్ధం చెప్పడమంటే ఎదుటి మనిషిని తక్కువ చేయడమేనని ఎమ్మేలో ఒక వాదనలో గెలిచాను కూడా. ఇదంతా అనుకుంటుండగానే నా బొటనవేలు ఫోన్‌లో గుండెపోటు గురించి వెతకడం మొదలుపెట్టింది. అప్పుడే అత్త నావైపు తిరిగింది.

“నువ్వు సదువుకున్నదానివి. నువ్వు జెప్పు బిడ్డా, బతుకుతుండెనా?”

“అవకాశం ఉండె అత్తా,” అన్నాను. “మొదటి గంటలోనే తీసుకుపోతే చాలామంది బతుకుతారట.” అని ఊరుకోలేదు. ఫోన్ ఆమెవైపు తిప్పి చూపించాను.

అత్త కొడుకు, మా బావ, నన్ను వాకిట్లోకి పిలిచాడు.

“ఏందే, అమ్మకు గట్ల జెప్తివి?”

“ఆమె అడిగింది.”

“అడిగితే చెప్తరా?”

“చెప్పొద్దంటే మరి అడిగేదెందుకు?”

“గిట్ల సదువు జెప్పినోళ్లు ఎవరో గాని, వాళ్లను అడగాలె.”

“అందరూ అబద్ధం చెప్తుంటే నేను కూడా చెప్పాలా?” అని గేటు విసిరికొట్టి వచ్చేశాను. బస్సు బిజినేపల్లి దాటేదాకా కోపమే. దాటాక భయం మొదలైంది.

మర్నాడు బావ ఫోన్ చేశాడు. “అమ్మ మాట్లాడ్తలేదు. వచ్చినోళ్ల ముందల గోడకు ఒరిగి కూసుంటుంది, అంతే. అన్నం గూడ తింటలేదు. అడుగుడు బంద్ జేసింది. నువ్వే జెప్తివి గదా, ఇంగ ఎవర్ని అడుగుతది?”

ఆ వారమంతా అతనికి మెసేజులు టైప్ చేసి చెరిపేశాను. ‘సారీ’ అని రాసి, కింద ‘కానీ నేను చెప్పింది తప్పు కాదు’ అని రాసి, రెండూ చెరిపేశాను. పాఠం మధ్యలో ఫోన్ మోగితే చాక్‌పీసు పక్కన పెట్టి బావేమో అని చూసేదాన్ని. ఆమెకేమన్నా అయితే? ఒకే ప్రశ్నను మనిషి అన్నిసార్లు ఎందుకు అడుగుతుంది? జవాబు తెలియక మాత్రం కాదు. ఆ గంటలో అక్కడున్నది ఆమె, నేను కాదు. పదిమంది మధ్యలో పెడితే ఆ బరువును తలా ఒక చెయ్యి వేసి పట్టుకుంటారని అడిగింది. అన్నింటికీ ఎందుకని అడిగే నేను ఆ ఒక్కటి అడగలేదు.

పదో రోజు దినానికి మళ్లీ బయలుదేరాను. నాన్న ముందే ఫోన్‌లో అన్నాడు, “నువ్వేం మాట్లాడకు. పోయి కూర్చో చాలు.” అత్తతో అనాల్సిన నాలుగు వాక్యాలు బస్సులో ఫోన్‌లో రాసుకున్నాను. దిగేసరికి అన్నీ పరీక్షలో రాసే జవాబుల్లా కనిపించాయి.

అత్త గోడకు ఒరిగే ఉంది. బాగా చిక్కిపోయింది. పక్కన కూర్చున్నాను. ఒకసారి చూసి తల తిప్పేసుకుంది.

పక్కింటి అవ్వ నా చేతిమీద కొట్టింది. “ఫోను లోపల వెట్టు పిల్లా. అండ్ల జూసి ఇంగేం జెప్తవో.” ఎవరో నవ్వు ఆపుకున్నారు. జవాబు నోటిదాకా వచ్చింది, మింగి ఫోన్ బ్యాగులో పెట్టేశాను.

అయినా కాసేపటికి నా నోరు నేను ఆపుకోలేకపోయాను. “అత్తా, సోడా తాగి మామ ఏమన్నాడు?”

గుమ్మంలో బావ తల ఎత్తాడు. మళ్లీ పాడుచేశాను అనుకున్నాను.

“తిట్టిండు,” అంది అత్త. గొంతు బొంగురుపోయి ఉంది. “సల్లగ లేదని తిట్టిండు. సగం తాగి, ఇది నువ్వే తాగు అని నాకిచ్చిండు.”

“లగ్గం నాడు గూడ గంతే గదనే,” అంది అవ్వ. “శర్బత్ సల్లగ లేదని అలిగి కూసుండె నీ మొగడు.”

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని, ఎవరూ అడగకుండానే, మోటరు దగ్గర మొదలుపెట్టి మొత్తం చెప్పింది.

“ముందుగాల్నే పట్కపోతే బతుకుతుండెనేమో.” ఈసారి అడగలేదు, తనలో తను అనుకున్నట్టు అంది.

“నీ చేతుల ఏమున్నది బిడ్డా,” అంది అవ్వ.

అత్త నావైపు చూసింది. బస్సులో రాసుకున్న వాక్యాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

“ఆ గంటంతా నువ్వు పక్కనే ఉన్నవు కదత్తా,” అన్నాను.

ఎవరో నాకిచ్చిన నీళ్ల గ్లాసు ఆమె నా చేతిలోంచి తీసుకుని తాగింది. బావ గుమ్మం దగ్గర నుంచి ఇంకా నన్నే చూస్తున్నాడు.