ఆకు లేని పచ్చ

"గసాల డబ్బా ఖాళీ అయింది పిల్లా, ఈసారి సామాన్లల్ల రాయించు" అని మా అత్త వంటింట్లోంచి కేకేసిన ఆ క్షణంలోనే నా గుండె జారి అరికాళ్లలోకి వచ్చి కూర్చుంది. గసగసాలు అయిపోతే గుండె జారడమేమిటని మీరు నవ్వుతారు. నవ్వండి. పొద్దు గుంకేలోపు నేను ఒక కంపెనీని, ఒక మొగుణ్ని, ఒక నిండు బస్సును ఎలా ముంచబోయానో చెప్తాను. మిగతా నవ్వు దానికి దాచుకోండి.

ముందు కంపెనీ సంగతి. మా ఆయన మహేందర్ దుబాయిలో ఏళ్ల తరబడి ఏసీలు బాగుచేసి, చివరికి అక్కడే సొంతంగా మరమ్మతుల కంపెనీ పెట్టాడు. అందులో నేను పార్ట్‌నర్ని. లైసెన్సు వచ్చిన రోజు కరీంనగర్‌లో మా వీధంతా మిఠాయి పంచాను. కంపెనీ పుట్టింది కదా, ఇక కాలు మీద కాలేసుకోవచ్చనుకున్నాను. ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని, అసలు చాకిరీ పుట్టాకే మొదలవుతుందని నాకు తెలియొద్దూ! వీసా ఫైలు తెరవాలి, దాని మీద ఆయన కొత్త వీసా తీసుకోవాలి, తర్వాత బ్యాంకు ఖాతా, పన్ను నమోదు, ఆఫీసు కిరాయి ఒప్పందం. పార్ట్‌నర్ సంతకం లేనిదే ఒక్కటీ కదలదు. నేను అక్కడికి పోలేను. అందుకని నా బదులు ఆయనే సంతకం పెట్టేలా ముక్త్యార్‌నామా రాయించి నోటరీ చేయించాను. దానికి హైదరాబాద్‌లో ఒక ముద్ర, ఢిల్లీలో ఒక ముద్ర, ఆ దేశపు రాయబార కార్యాలయంలో ఇంకో ముద్ర. చివరికి దాని మీద అక్షరాల కన్నా ముద్రలే ఎక్కువయ్యాయి.

ఇక్కడే నా భయం. పాత ఉద్యోగపు వీసా రద్దయింది, ఇచ్చిన గడువు కరిగిపోతోంది. ఆ కాగితం అందకపోతే మా ఆయన "ఖల్లివల్లి". దుబాయి పోయినవాళ్లున్న ప్రతి ఇంటికీ ఈ మాట తెలుసు. కాగితాలు లేక, పోలీసును చూస్తే గోడవారగా నడిచే మనిషని అర్థం. సుల్తానాబాద్‌లో ఉండే మా చిన్నమ్మ కొడుకు దుబాయిలో అట్లాగే ఇరుక్కుని తండ్రి చావుకు కూడా రాలేకపోయాడు. అది చూసినదాన్ని, నాకు నిద్రెట్లా పడుతుంది?

"కొరియర్ చెయ్యి" అన్నాడు మా ఆయన.

"వాళ్లు పోగొడితే? మెట్‌పల్లి గంగన్న పోతుండు గదా, ఆయన చేతికిస్త. మనిషి చేతిల ఉంటే ఫికరుండది."

ఫికరుండదట! గంగన్న మా ఆయన దోస్తు. సెలవు మీద వచ్చి, ఆ రాత్రి విమానానికే హైదరాబాద్ వెళ్తున్నాడు. మధ్యాహ్నం ఆయన బస్సు కరీంనగర్ బస్టాండులో ఆగినప్పుడు కిటికీలోంచి రెండు కవర్లు అందించాను. పసుపు రంగు కవర్లో కాగితాలు. దానికి నాలుగు మూలలా పసుపు కుంకుమ పెట్టి, దారం చుట్టింది మా అత్త.

"అత్తమ్మా, అది ఆఫీసుకు పోయే కాగితం, బోనం కాదు" అని నేను వెక్కిరించాను కూడా. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి, మా అత్త ఎలాగూ పెట్టుకుంది.

రెండోది ఆకుపచ్చ కవర్. అందులో అత్త దంచిన కూరపొడి.

"ఏమున్నయి చెల్లే ఇండ్ల?" అన్నాడు గంగన్న.

"ఏం లేదన్నా, ఆయన సామాను." కంపెనీ కాగితాలంటే దిష్టి తగులుతుందని నా డిగ్రీ చదువు నాకు సలహా ఇచ్చింది.

ఇక గసగసాల డబ్బా దగ్గరికి వద్దాం.

"మొన్ననే తెప్పిస్తిని గదత్తమ్మా, ఎట్ల ఒడిసినయి?"

"పొడిల ఏసిన. నా కొడుక్కు గసాల్లేంది ముద్ద దిగుతదా?"

దుబాయిలో గసగసాలు మత్తుమందు కింద లెక్క. విమానాశ్రయంలో దొరికితే గంగన్న జైలుకి, ఆయన సంచిలోని కాగితం పోలీసుల బీరువాలోకి, మా ఆయన ఖల్లివల్లిలోకి! వెంటనే గంగన్నకు ఫోన్ కలిపాను.

"అన్నా, యాడున్నవు?"

"సిద్దిపేట దాటినం చెల్లే. బస్సు చాయ్‌కి ఆగింది, మిర్చి తింటున్న."

"మిర్చి కింద పెట్టు! పచ్చ కవర్ పారెయ్యి!"

"ఏందీ?"

"పచ్చ కవరన్నా! ఇప్పి చూడకు, వాసన గూడ చూడకు. దాంట్ల జైల్ల ఏయించేది ఉన్నది!"

"జైల్లనా! నీకు నేనే దొరికిన్నా చెల్లే?"

"తర్వాత తిట్టు, ముందు పారెయ్యి!"

కాసేపు అడుగుల చప్పుడు. "పారేసిన. హోటల్ ఎనుక చెత్త డ్రమ్ముల. చేతులు గూడ కడుక్కున్న."

హమ్మయ్య అని కూర్చుని, చెంబెడు నీళ్లు తాగి, నా సమయస్ఫూర్తిని నేనే మెచ్చుకున్నాను. అంతటితో ఆగితే నేనెందుకవుతాను? మళ్లీ ఫోన్ చేశాను. అప్పటికి బస్సు బయల్దేరింది.

"అన్నా, గా పసుపు రంగు కవర్ మాత్రం పాణం లెక్క చూసుకో."

"గదే గదా పారెయ్యమన్నవు?"

"నేను పచ్చది అన్న!"

"పచ్చదే పారేసిన! పసుపుకొమ్ము లెక్క పచ్చగుండె. ఇప్పుడు నా ఒళ్లున్నది ఆకుపచ్చది."

మా దిక్కు పచ్చ అంటే పసుపే. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నాకూ అదే. కానీ డిగ్రీ హాస్టల్లో నా గదిలో అంతా గుంటూరు పిల్లలు. వాళ్లు గడ్డినీ చిలుకనూ పచ్చ అంటుంటే నేనూ మర్యాదగా మారిపోయాను. ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకెళ్లి ముల్లు మీద పడ్డా నష్టం ఆకుకేనంటారు. ఆ ఆకు నా నోట్లోంచి పడనే లేదు, నష్టం మాత్రం ఇంటిల్లిపాదికీ!

అవతల గంగన్న గొంతు సన్నబడింది. "అంటే చెల్లే... జైల్ల ఏయించేది నా ఒళ్లున్నదా?" మరుక్షణం గావుకేక. "డ్రైవర్ సాబ్, ఆపు! నా ఒళ్ల ఏందో ఉన్నది!"

"ఏమున్నది?" కండక్టరమ్మ గొంతు.

"నాకేం ఎరుక! ఇప్పి చూడొద్దన్నరు!"

బస్సు ఖాళీ కావడానికి ఆ ఒక్క మాట చాలింది. "బాంబట!" అని ఎవరో, "పిల్లగాని చెప్పులు, చెప్పులు!" అని ఇంకెవరో. ఫోన్ కండక్టరమ్మ చేతికి వచ్చింది.

"ఏమ్మా, ఏం పెట్టినవు గీ సంచిల?"

"కూరపొడి మేడం."

"కూరపొడికి బస్సు జనాన్నంత తుమ్మచెట్ల కింద నిలబెడ్తివా?"

"దాంట్ల గసగసాలున్నయి మేడం."

"మా ఇంట్ల గూడ ఉన్నయి. పోలీసులను పిలవాల్నా?"

పొడిని తుమ్మచెట్ల కింద పోసి, తిట్లు మూటగట్టుకుని, గంగన్న ఆటోలో వెనక్కి పోయాడు. ఇక్కడ మా అత్త వేములవాడ రాజన్నకు కోడెను కట్టిస్తానని మొక్కుకుంది. సరిగ్గా అప్పుడే మా ఆయన ఫోన్.

"కాగితం బయలెల్లిందా?"

"ఎల్లింది. సిద్దిపేట దాటింది."

"పైలంగున్నదా?"

"నీడకే ఉన్నది." అబద్ధమాడలేదు చూడండి. డ్రమ్ములో ఎండెక్కడిది?

ఫోన్ పెట్టేశాక ఏడుపాగలేదు. చెత్తబండి ఈపాటికే వచ్చి ఉంటే? మళ్లీ ముద్రలన్నీ వేయించేదాకా గడువు ఆగుతుందా? పిల్లలు "బాపు ఎప్పుడొస్తడు" అంటే ఏం చెప్పాలి? గంగన్న నంబరు కనబడగానే కళ్లు తుడుచుకుని ఎత్తాను.

"దొరికింది చెల్లే!"

"డ్రమ్ములనే ఉన్నదా?"

"లేదు, భూమ్మీదున్నది. చుట్టు జనం. చెత్తబండాయన డ్రమ్ము ఒంపిండట. పసుపు కుంకుమ చూసి, ఎవరో మంత్రించి పడేసిండ్రని ముట్టకుండనే పోయిండు. నేను పోయి చేతుల పట్టుకునేసరికి హోటలాయన గోడకు అతుక్కున్నడు. మళ్ల చాయ్ తాగితే పైసలు గూడ తీసుకోలే."

మా అత్త అంతా విని, కొంగుతో ముఖం తుడుచుకుని, తీరిగ్గా అంది. "బోనం కాదంటివి గద పిల్లా?"

గంగన్నకు విమానం అందింది. తెల్లారేసరికి కాగితం మా ఆయన చేతిలో ఉంది. "గీ ముద్రల మీద పసుపు మరకేంది?" అని ఫోన్ చేశాడు. "గది మీ అవ్వ ముద్ర. అన్నిట్ల గట్టిది గదే" అన్నాను.

అప్పుడే మా పెద్దది బొమ్మల పుస్తకం పట్టుకొచ్చింది. "అమ్మా, చిలుకకు పచ్చ రంగేయాల్నా?" గుంటూరు జబ్బు నా నుంచి దానికీ అంటింది!

పిల్లలిద్దర్నీ దేవుడి పటం ముందు నిలబెట్టాను. నా బతుకులో మళ్లీ ఏ దేశంలో ఏ కంపెనీ పెట్టినా, ఆకు లేకుండా పచ్చను పలకనని చేయి చాచి ఒట్టేశాను. వాళ్లతోనూ వేయించాను.

"ఎందుకమ్మా?" అన్నాడు చిన్నోడు.

"ఒక పూట అన్నం లేకున్నా బతుకొచ్చు బిడ్డా. గా ఆకు మింగితే మాత్రం మీ బాపు ఖల్లివల్లి."