నీళ్లలో విడిపోయిన నోటుబుక్కు

వానకు తడిసిన అట్టపెట్టె వాసన తగిలితే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది. ఎవరి మీదో మాత్రం తెలియదు. నేనిప్పుడు పనిచేసేది మాస్కుల గుడ్డ తయారయ్యే చోట. ఆ గుడ్డకు నేత ఉండదు. ప్లాస్టిక్ పోగులు వేడికి మెత్తబడి అతుక్కుంటాయి, నీళ్లు వాటినేమీ చేయలేవు. కాగితం అలా కాదు. ఆ సంగతి నేర్పింది యాదమ్మక్క. తెలంగాణ వచ్చిన కొత్తలో, దేవరకొండలో పత్తి పీచు నానబెట్టి చేత్తో కాగితం చేసే షెడ్డుకు ఆమె మేస్త్రి. చదువు రాదు, సంతకానికి వేలిముద్రే.

ఆ షెడ్డులో పనికి చేరిన వారానికే నేను తెలివి చూపించబోయి గుజ్జులో మైదా గంజి పోస్తుంటే చేయి పట్టుకుంది.

"గంజెందుకు పిల్లా? నీళ్లు పోతాంటె పోగులే ఒకదాన్నొకటి పట్టుకుంటయి."

"మళ్ల తడిస్తే?"

"ఇడుస్తయి."

కలిపేదీ నీళ్లే, విడదీసేదీ నీళ్లేనా? నాకు తల తిరిగింది. తర్వాతెవరో హైడ్రోజన్ బంధాలని వివరించారు గానీ, ఆమె చెప్పినదానికన్నా ఎక్కువ అర్థమైందని చెప్పలేను.

ఆ ఏడు మా రేకుల ఇల్లు కురిసి బాపు నోటుబుక్కు తడిసింది. ఆరేసరికి పేజీలన్నీ అట్టలా బిగిసిపోయాయి. చనిపోయిన నాన్న చేతిరాత మాకు మిగిలింది అదొక్కటే. పరుగున తీసుకెళ్లాను.

"యాదమ్మక్కా, జర గీ కాగితాలు చినగకుంట ఇడదియ్యవా?"

నేను జల్లెడలు కడిగి వచ్చేసరికి ఆమె దాన్ని తొట్టిలో నానబెట్టి, పసిబిడ్డను ఎత్తినట్టు ఒక్కో కాగితం పైకి తీస్తోంది. ఒక్క అంచు కూడా చిరగలేదు. తొట్టిలో నీళ్లు మాత్రం నీలంగా ఉన్నాయి.

"సూడు, ఎంత మంచిగొచ్చినయో!"

"అక్షరాలేవి? మా బాపు రాసిన అక్షరాలేవి?" అని ఏడుస్తూ అరిచాను.

ఆమె ముఖం వాడిపోయింది. "కాగితాలంటివి గదనే," అంది మెల్లగా. నిజమే, కాగితాలనే అన్నాను. తప్పు ఆమెదో నాదో తేల్చుకోలేక తొట్టి పక్కనే కూర్చున్నాను. ఆమె నా పక్కన కూర్చుని అడిగింది: "అందుల ఏం రాసిండె మీ బాపు? చెప్పు, ఎవలితోనన్న మళ్ల రాయిద్దాం."

అందులో ఏముందో నాకూ తెలియదు. చదివితే దుఃఖమొస్తుందని రేపు, ఎల్లుండి అంటూ మూడేళ్లు ట్రంకుపెట్టెలో దాచానే గానీ, ఒక్క పేజీ కూడా చదవలేదు.

ఇప్పుడు ఎవరి చేతిరాత నా చేతికొచ్చినా నిలబడ్డచోటే చదివేస్తాను, అమ్మ రాసిన కిరాణా చీటీ అయినా సరే.