ఓల్గా వంటింట్లో తీసేసిన అధ్యాయం

శనివారం ఉదయం ఎనిమిదింటికి కెనడాలోని రెజైనాలో శారద మేడమ్ కారెక్కాను. ఆవిడ మాకు రచన నేర్పే ప్రొఫెసర్, గుంటూరు మనిషి. చుట్టుపక్కల చిన్న ఊళ్ల చరిత్రంటే ఆవిడకు ప్రాణం. నేను బయల్దేరింది మాత్రం స్టోర్‌లో షిఫ్ట్ తప్పించుకోవడానికే.

మేం వెళ్లే ఊరికి బస్సు లేదు. వెళ్లాలనుకునేవాళ్లు పెట్రోలు రెజైనాలోనే పోయించుకోండి. రెండు గంటలూ గోధుమ చేలే, టీచుక్క కూడా దొరకదు. మేడమ్ తెచ్చిన పులిహోర మమ్మల్ని కాపాడింది.

ఆ ఊరి మీద ఆవిడ మూడేళ్లు శ్రమపడి రాసిన పుస్తకం సోమవారం అచ్చుకు వెళ్లాలి. అయితే ఆవిడకొక పద్ధతి ఉంది. కథ చెప్పినవాళ్ల ఇంటికి వెళ్లి, రాసింది చదివి వినిపించాలి. వాళ్లు వద్దన్నది తీసేయాలి. ఇదేం చాదస్తం అనుకున్నాను.

పది దాటాక ఓల్గా ఇంటికి చేరాం. ఎనభై దాటిన ఈ ముసలావిడ ఒకప్పుడు రైల్వే స్టేషన్ పక్కన హోటల్ నడిపింది. కాఫీ, గసగసాల రొట్టె పెట్టి వినడానికి కూర్చుంది. నవ్వింది, రెండుచోట్ల తప్పులు దిద్దింది. చెల్లెలి అధ్యాయం దగ్గర మాత్రం రొట్టె కోయడం ఆపేసింది. మొగుడి దెబ్బలకు తాళలేక ఆ చెల్లెలు చంటిబిడ్డతో మంచులో పట్టాల వెంట నడిచి అక్క దగ్గరికొచ్చిన కథ అది. వింటూ నేను ఏడ్చేశాను.

అంతా నిజమేనని ఓల్గా అంది. కానీ చెల్లెలింకా బతికే ఉందని, అది ఆమె కష్టమని, కాఫీ తాగుతూ నోరు జారానని చెప్పింది. మేడమ్ వాదించలేదు. ఆ కాగితాలు తీసి ఓల్గా చేతిలో పెట్టి, ఇంకో రొట్టెముక్క అడిగారు.

తిరుగు దారిలో నేను ఉండబట్టలేకపోయాను.

"పేరు మారిస్తే సరిపోయేది గద మేడమ్?"

"ఆ ఊళ్లో ఆమె ఎవరో తెలియనిది ఎవరికమ్మా? రేపు నేను మళ్లీ ఆ ఇంటికి కాఫీకి వెళ్లొద్దూ?"

ఆ మాట నాకే తగిలింది. సోమవారం నేనివ్వాల్సిన అసైన్‌మెంట్ నా రూమ్మేట్ స్వప్న గురించే. తను వేర్‌హౌస్‌లో ప్యాకింగ్ చేస్తూ ఇంట్లోవాళ్లకు ఆఫీసు ఉద్యోగమని చెబుతుంది. వీడియో కాల్ ముందు యూనిఫాం మార్చుకునే తీరు కూడా వదలకుండా రాశాను. క్లాసులో నాదే ఫస్టని లోలోపల మురిసిపోతున్నాను కూడా. తనకు మాత్రం చెప్పలేదు.

మేడమ్ లాంటి మనిషి పక్కన కూర్చుని ఇక ఆగలేకపోయాను. కారులోంచే ఫోన్ చేశాను.

"స్వప్నా, నీ మీద ఒకటి రాసిన. ఇంటికొచ్చి చదువుతా, వింటవా? వద్దంటే ఇయ్యను."

చేల మీద ఎండ వాలుతోంది. మేడమ్ రోడ్డు మీదే చూపు పెట్టి నడుపుతున్నారు.

"అండ్ల మా అమ్మ పేరు పెట్టినవా?" అని అడిగింది స్వప్న.

"పెట్టిన."

"ముందు అది తీసెయ్. తర్వాత చదువు, వింట."