దొర మైకు, నా తెలుగు

ఇన్నేళ్లు మోశాను. ఇక నావల్ల కాదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో బెల్లంపల్లి బొగ్గు గనిలో గుమాస్తాను. మాకో ఇంగ్లీషు దొర ఇంజనీరుగా వచ్చాడు. వాళ్ల దేశంలో పేరున్న క్రికెట్ ఆటగాడట. మోకాలు చెడి ఆట మానుకున్నాడు. గనుల మధ్య పోటీలు పెడితే డేరా కింద కూర్చుని మైకులో ఆట చెప్పేవాడు. ఆయన ఇంగ్లీషును వెంటనే తెలుగులో చెప్పడం నా పని. కార్మికులంతా నా మాట కోసం చెవులు రిక్కించేవాళ్లు. అబ్బ, ఎంత గర్వపడేవాణ్ణో!

బాగా ఆడినవాణ్ణి భూమి కింది పని తప్పించి సర్ఫేస్ మీద, గాలీ వెలుతురూ ఉన్నచోట వేయడం మా గని రివాజు. ఆ ఏడు ఒక్క చోటే ఖాళీ. జట్టులో ఉన్న మా తమ్ముడు దాని మీదే ఆశ పెట్టుకున్నాడు.

ఒకరోజు పోటీలో మా జట్టువాడే, బొగ్గు తవ్వే రాజయ్య బంతి వేస్తుంటే అవతలి జట్టు నిలవలేకపోయింది. దొర లేచి నిలబడ్డాడు. ఇలాంటి చేయి మా దేశంలోనూ అరుదు, రాజయ్యను రేపు నా దగ్గరికి రమ్మనండి, సర్ఫేస్ పని అతనిదే అన్నాడు. మైకు నా చేతికొచ్చింది.

"రాజయ్య మస్తుగ వేసిండని దొర అంటుండు" అన్నాను. అంతే.

ఆట అయ్యాక రాజయ్య వచ్చాడు.

"అన్నా, దొర నా పేరు తీసిండు గదా. ఇంకేమన్న అన్నడా?"

"ఏమనలే. మంచిగ వేసినవన్నడు."

"గంతేనా?" అని నవ్వి పోయాడు.

మర్నాడు దొర అడిగితే, రాజయ్యకు ఇష్టం లేదట అని చెప్పాను. ఆ పని తమ్ముడికి వచ్చింది.

రాజయ్య మీద నాకు పగ లేదు. తమ్ముడి మీద ప్రేమే అనుకున్నాను. ఆ ప్రేమ కోసం ఇంకొకడి నోటికాడి కూడు ఎందుకు తీయాలి?

దొర వాళ్ల దేశం పోయి రేడియోలో ఆట చెప్పేవాడయ్యాడు. నేను రేడియో కొన్నాను. భూమి కింది పనిలోనే ఉండిపోయిన రాజయ్య దగ్గుకుంటూ వచ్చి మా అరుగు మీద కూర్చుని వినేవాడు. ఒకసారి అక్కడ వాన పడి ఆట ఆగింది. దొర పాత ముచ్చట్లు తీశాడు. ఇండియాలో ఒక బొగ్గు గనిలో రాజయ్య అనే బౌలర్ ఉండేవాడు, పిలిస్తే రాలేదు, ఎందుకు రాలేదో ఇప్పటికీ తెలియదు అన్నాడు.

"నా పేరు తీసినట్టుందేందన్నా! ఏమంటుండు?"

రాజయ్య ముఖం వెలిగిపోయింది. ఇప్పుడైనా చెప్పొచ్చు. నోరు తెరిచాను.

"ఆడ వాన పడుతుందట" అన్నాను.

రాజయ్య ఇంకా వస్తూనే ఉన్నాడు. అతనికి చెప్పలేదు. మీకు చెప్పాను. గుండె కాస్త తేలికైంది. అలా తేలికైనందుకూ సిగ్గుగానే ఉంది.