మారెప్ప పాట వేగం

ధర్మవరంలో పట్టునూలుకు రంగు వేసే మారెప్పకు గడియారంతో పని లేదు. మరిగే గంగాళంలో నూలు ముంచి, కర్రతో తిప్పుతూ, పక్కన టేపురికార్డరులో ఒకే భజన పాట పెట్టేవాడు. ఎరుపుకు ఆ పాట రెండుసార్లు, పసుపుకు ఒకసారి. నలభై ఏళ్లలో రంగు తేడా వచ్చిందని ఎవరిచేతా అనిపించుకోలేదు.

టేపురికార్డరు పాడైతే నా రిపేరు షాపుకు తెచ్చాడు. దాన్నే బాగుచేసి ఇచ్చినా సరిపోయేది. నాకేమో పనితనం చూపించాలని దురద. పాటను కంప్యూటర్‌లోకి ఎక్కించి, అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు లాంటి లైనక్స్ బోర్డుతో కొత్త ప్లేయరు చేసిచ్చాను. పాట మరీ సాగుతున్నట్టు అనిపించి, సెట్టింగుల ఫైలులో వేగం కొంచెం పెంచాను. గొంతు మారకుండా పెంచడం నాకు చేతనవునని గర్వం. ఆయనకొక మాట చెప్పాలని కూడా తోచలేదు.

నెల తిరక్కముందే, ఎరుపు వెలిసినట్టు వస్తోందని షావుకారు ఆదినారాయణ నూలు తిప్పి పంపాడు. రెండోసారి పదిమంది ముందర, "నీకు కండ్లు పోయినాయి, ఇంక చాలించు మారెప్పా" అన్నాడట.

మారెప్ప నేరుగా నా దగ్గరికొచ్చాడు.

"ఏమప్పా అనిల్, పాట ఏమన్నా బిరబిరా పోతాండాదా? ఎరుపుకు రెండు తూర్లు పెడతాండా, అయినా రంగు పట్టల్యా."

ఆ పాటే ఆయన గడియారమని నాకు అప్పుడు తెలిసింది. నిజం చెబితే రేపు నా షాపు మెట్లు ఎవరెక్కుతారు?

"కంప్యూటరు తప్పు చెయ్యదు మామా" అన్నాను.

"అట్లయితే నా కండ్లే" అని, తనే షావుకారు దగ్గరికి పోయి పని మానేశాడు.

నాకు అన్నం సయించలేదు. అద్దంలో నా మొహం చూసుకోవాలన్నా సిగ్గేసింది. వారం తర్వాత వాళ్లింటికి పోయి, ప్లేయరు దుమ్ము తుడుస్తానని చెప్పి, వేగం మళ్లీ మామూలుకు తెచ్చి పాట పెట్టాను. అంతటితో తప్పు సగమైనా దిగుతుందనుకున్నాను, పిరికి వెధవను.

మారెప్ప మంచం మీద కూర్చొని కాసేపు విన్నాడు. తల పక్కకు వంచి, మళ్లీ విన్నాడు. ఆమీద భార్యను పిలిచాడు.

"రత్నమ్మా, పాట మెల్లగా వినబడతాండాదే. కండ్లతో పాటు చెవులు గూడా పోయినట్టుండాయి."

రత్నమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని నా వైపు చూసింది. "వయసు గదప్పా" అంది.

"అవునత్తా" అన్నాను.